37 శాతం చార్జింగ్ ఉండగానే ఫోన్ ఎందుకు ఆరిపోతుంది?

మొన్న డిసెంబరులో లంబసింగి వెళ్లాం. పొద్దున ఆరున్నర. తాజంగి రిజర్వాయర్ మీద మంచు ఇంకా లేవలేదు. ఫొటో తీద్దామని మా బావ జేబులోంచి ఫోన్ తీశాడు. 37 శాతం చార్జింగ్ ఉంది. కెమెరా తెరిచి, ఫ్లాష్ ఆన్ చేసి, బటన్ నొక్కాడో లేదో స్క్రీన్ నల్లబడింది. మళ్లీ ఆన్ చేస్తే కంపెనీ గుర్తు ఒకసారి మెరిసి ఆరిపోయింది. వెనక్కి వచ్చి టీ కొట్టు దగ్గర చార్జర్ పెట్టాడు. రెండు నిమిషాల్లో ఆన్ అయింది. చూస్తే 36 శాతం.

రెండు నిమిషాల్లో సున్నా నుంచి 36 శాతానికి ఎక్కించేంత శక్తి బావ చార్జర్‌కు లేదు. అంటే ఆ చార్జింగ్ అంతా మొదటి నుంచీ బ్యాటరీలోనే ఉంది. ఉండి కూడా ఫోన్‌ను నిలబెట్టలేకపోయింది.

"అప్‌డేట్ చేసినప్పటి నుంచే ఇలా అవుతోంది. కొత్తది కొనిపించడానికి వాళ్లే చేస్తారట కదా" అన్నాడు బావ. ఈ మాట ఆయన ఒక్కడిదే కాదు. కొత్త అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో "ఎవరూ అప్‌డేట్ చేయకండి, ఫోన్ స్లో అయిపోతుంది" అని ఎవరో ఒకరు పెడతారు. ఈ నమ్మకంలో కొంత నిజం ఉంది. ఆ నిజానికి ఒక తేదీ, ఒక కంపెనీ పేరు, కోర్టు కేసులు కూడా ఉన్నాయి. కానీ ఆ నిజంతో పాటు, దానికి సంబంధం లేని నాలుగైదు విషయాలు కలిసి ముద్దయిపోయాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

ట్యాంకు చిన్నదవడం వేరు, పైపు పూడుకుపోవడం వేరు

బోరు నీళ్లు వాడే ఇంట్లో మేడ మీద ట్యాంకు ఉందనుకోండి. పదేళ్లు గడిచేసరికి రెండు మార్పులు వస్తాయి. ట్యాంకు అడుగున మట్టి పేరుకుని, నీళ్లు పట్టే చోటు తగ్గుతుంది. పైపు లోపలి గోడలకు తెల్లగా ఉప్పు కట్టి, నీళ్లు వచ్చే దారి సన్నబడుతుంది. వంటింట్లో ఒక్క కుళాయి విప్పితే తేడా తెలియదు. అదే సమయంలో బాత్రూమ్‌లో షవర్ కూడా విప్పితే ధార దారంలా సన్నబడిపోతుంది. పైకెక్కి చూస్తే ట్యాంకులో సగానికి నీళ్లుంటాయి.

ఫోన్ బ్యాటరీ వీక్ అయిందని మనం ఒక్క మాటలో అనేస్తాం. కానీ అందులో ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. మొదటిది కెపాసిటీ తగ్గడం. 5000 ఎంఏహెచ్ అని కొన్న బ్యాటరీ కొన్నేళ్లకు 4000 మాత్రమే పట్టుకుంటుంది. పొద్దున నూరు శాతం చూపించినా సాయంత్రానికే దిగిపోతుంది. ఇది అందరికీ కనిపించేదే. రెండోది అంతర్నిరోధం (బ్యాటరీ లోపల కరెంటు దారికి ఉండే అడ్డు) పెరగడం, అంటే పైపులో ఉప్పు కట్టడం. ఇది కంటికి కనిపించదు. మామూలుగా మెసేజ్‌లు చదువుకుంటున్నంతసేపు బయటపడదు కూడా. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది. కెమెరా తెరవడం, ఫ్లాష్ వేయడం, బరువైన యాప్ మొదలవడం, సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్ గట్టిగా టవర్ కోసం వెతకడం, ఇవన్నీ అలాంటి క్షణాలే. లంబసింగిలో ఇవన్నీ ఒకేసారి జరిగాయి.

ఫోన్ నెమ్మదించడానికి, బ్యాటరీకి ఉన్న ముడి అంతా ఈ రెండో జబ్బులోనే ఉంది. కెపాసిటీ తగ్గినంత మాత్రాన ఫోన్ స్లో అవ్వాల్సిన పని లేదు. చిన్న ట్యాంకుతోనైనా, పైపు శుభ్రంగా ఉంటే ధార బలంగానే వస్తుంది.

ఉప్పు ఎలా కడుతుంది

లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనుక పరిశోధన చేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన ఫోన్లలో ఉన్నది ఆ కుటుంబానికి చెందిన బ్యాటరీయే.

లోపల రెండు పొరలు ఉంటాయి. ఒకటి గ్రాఫైట్, రెండోది కోబాల్ట్ లాంటి లోహాలు కలిసిన ఆక్సైడ్. మధ్యలో ఎలక్ట్రోలైట్ అనే ద్రవం. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఆక్సైడ్ వైపు నుంచి బయల్దేరి గ్రాఫైట్ పొరల మధ్యకు వెళ్లి కూర్చుంటాయి. ఫోన్ వాడుతున్నప్పుడు తిరిగి వస్తాయి. ఈ రాకపోకలే బ్యాటరీ పని.

చిక్కు ఎక్కడంటే, గ్రాఫైట్‌కు ఎలక్ట్రోలైట్ తగిలిన చోట ఒక పలుచని పొర ఏర్పడుతుంది. ఫ్యాక్టరీలో మొదటిసారి చార్జ్ చేసినప్పుడే ఇది పుడుతుంది. అది మంచిదే, అది లేకపోతే ఎలక్ట్రోలైట్ చెడిపోతూనే ఉంటుంది. కానీ అయాన్లు లోపలికి వెళ్లినప్పుడల్లా గ్రాఫైట్ సుమారు పది శాతం ఉబ్బి, అవి వెళ్లిపోయాక మళ్లీ తగ్గుతుంది. ఆ ఊపిరికి పొర అక్కడక్కడ పగులుతుంది, పగిలిన చోట కొత్త పొర కడుతుంది. కట్టిన ప్రతిసారీ కొంత లిథియం అందులో ఇరుక్కుపోయి, ఇక తిరగడం మానేస్తుంది. అందుకే కెపాసిటీ తగ్గుతుంది. పొర మందమయ్యేకొద్దీ అయాన్లు దాటడం కష్టమవుతుంది. అందుకే నిరోధం పెరుగుతుంది. రెండు జబ్బులకూ మూలం ఒకటే కాబట్టి, రెండూ దాదాపు జతగానే వస్తాయి. ఆక్సైడ్ వైపు కూడా గింజలు చిట్లుతాయి, కొన్నిసార్లు గ్యాస్ పుట్టి బ్యాటరీ ఉబ్బుతుంది. ఫోన్ వెనక మూత కాస్త లేచినట్టు కనిపిస్తే అది ఈ గ్యాస్ పనే. ఉబ్బిన బ్యాటరీ స్పీడు సమస్య కాదు, ప్రమాదం.

ఒక చిన్న లెక్క

పదో తరగతిలో చదివిన ఓమ్ నియమం ఇక్కడ చాలు. కరెంటును నిరోధంతో గుణిస్తే, ఎంత వోల్టేజీ దారిలోనే ఖర్చయిపోతుందో తెలుస్తుంది. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. ఫోన్‌ను బట్టి మారతాయి.

37 శాతం దగ్గర బ్యాటరీ ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు వోల్టేజీ 3.75 అనుకుందాం. 3.2 కంటే కిందికి పడితే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. కెమెరా, ఫ్లాష్ కలిసి ఒక క్షణం 3 ఆంపియర్లు లాగాయి.

కొత్త బ్యాటరీలో నిరోధం 0.12 ఓమ్. 3ను 0.12తో గుణిస్తే 0.36. 3.75 నుంచి అది తీసేస్తే 3.39 మిగులుతుంది. ఫోన్ హాయిగా నడుస్తుంది.

మూడేళ్ల బ్యాటరీలో నిరోధం 0.25. దారిలో పోయేది 0.75. మిగిలేది 3.00. గీత దాటి కిందికి పడింది, ఫోన్ ఆరిపోయింది. లోపల మూడో వంతుకు పైగా చార్జింగ్ ఉన్నా ఆరిపోయింది.

ఇదే పాత బ్యాటరీ నిండుగా, 4.3 వోల్టుల దగ్గర ఉంటే? 0.75 పోయినా 3.55 మిగులుతుంది, ఏ ఇబ్బందీ లేదు. అందుకే ఇలాంటి ఫోన్లు పొద్దున బాగుండి, సాయంత్రం సగం దిగాక మొరాయిస్తాయి. చలి ఈ కథను ఇంకా పాడు చేస్తుంది. చల్లబడితే అయాన్ల కదలిక మందగించి, నిరోధం తాత్కాలికంగా మరింత పెరుగుతుంది. టీ కొట్టు దగ్గర ఏం జరిగిందో ఇప్పుడు తెలుస్తుంది. లాగుడు ఆగింది, వోల్టేజీ తిరిగి పైకొచ్చింది, చార్జర్ అండ దొరికింది. 36 శాతం కనిపించింది.

ఇంకో విషయం. స్క్రీన్ మీద కనిపించే శాతం పెట్రోలు బంకులో లీటర్లలా నేరుగా కొలిచింది కాదు. లోపలికి వచ్చిన కరెంటు, బయటికి పోయిన కరెంటు, వోల్టేజీ చూసి ఫోన్ వేసే అంచనా. బ్యాటరీ పాతబడేకొద్దీ ఈ అంచనా కూడా తప్పుతుంది. 20 నుంచి ఒక్కసారిగా 6కు పడిపోయే ఫోన్లు మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు ఫోన్ తయారు చేసే ఇంజినీరు స్థానంలో నిలబడి చూడండి. బ్యాటరీ 0.25 ఓమ్‌కు చేరింది. దాన్ని మీరు మార్చలేరు. కానీ ప్రాసెసర్ వేగం తగ్గించి, లాగుడు 3 ఆంపియర్లు కాకుండా 2 దాటకుండా చూడగలరు. 2ను 0.25తో గుణిస్తే 0.5. మిగిలేది 3.25. ఫోన్ ఆరిపోదు. కాకపోతే స్లో అవుతుంది.

మొత్తం గొడవ ఈ చివరి రెండు వాక్యాల గురించే.

2017లో యాపిల్ ఏం చేసింది

2016 చివర్లో ఐఫోన్ 6, 6ఎస్ వాడేవాళ్లు ఫోన్లు ఉన్నట్టుండి ఆరిపోతున్నాయని ఫిర్యాదు చేయసాగారు. 2015 సెప్టెంబరు, అక్టోబరుల్లో తయారైన కొన్ని 6ఎస్ ఫోన్లకు యాపిల్ ఉచితంగా బ్యాటరీలు మార్చింది. ఫిర్యాదులు ఆగలేదు. 2017 జనవరిలో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌కు 10.2.1 అప్‌డేట్ వచ్చింది. ఆ తర్వాతి నెలలో కంపెనీ, ఇలా ఆరిపోవడం 6ఎస్ ఫోన్లలో 80 శాతానికి పైగా, 6లో 70 శాతానికి పైగా తగ్గిందని చెప్పింది. ఎలా తగ్గిందో విడమరిచి చెప్పలేదు. పవర్ నిర్వహణ మెరుగుపరిచామన్నట్టుగా ఒక మాట కలిపింది గానీ, ఫోన్ నెమ్మదిస్తుందన్న మాట ఎక్కడా లేదు.

ఆ ఏడాది డిసెంబరులో ఒక వినియోగదారుడు తన నెమ్మదించిన 6ఎస్‌కు బ్యాటరీ మాత్రమే మార్పించి, వేగం కొలిచే గీక్‌బెంచ్ యాప్‌తో ముందూ వెనకా చూసుకున్నాడు. సింగిల్ కోర్ స్కోరు 1466 నుంచి 2526కు ఎగిరింది. ప్రాసెసర్ అదే, సాఫ్ట్‌వేర్ అదే. మారింది బ్యాటరీ ఒక్కటే. ఈ అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టాక, గీక్‌బెంచ్ తయారు చేసిన ప్రైమేట్ ల్యాబ్స్ వ్యవస్థాపకుడు జాన్ పూల్ తన దగ్గరున్న స్కోర్లను తీసి గ్రాఫ్ గీశాడు. పాత ఐఓఎస్‌లో 6ఎస్ ఫోన్ల స్కోర్లన్నీ ఒక్క శిఖరం చుట్టూ ఉన్నాయి. 10.2.1 తర్వాత, కింద చిన్న చిన్న శిఖరాలు విడివిడిగా లేచాయి. ఫోన్లు వాటంతట అవి పాతబడితే స్కోర్లు ఎటుపడితే అటు చెదురుతాయి. మెట్లు మెట్లుగా పడ్డాయంటే, ఎవరో మెట్లు కట్టారని అర్థం. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో గొప్ప క్షణం ఇదే. ఫోన్ లోపలికి చూసే వీలు లేని బయటి మనిషి, అంకెల ఆకారం చూసి లోపల ఏం జరుగుతోందో పట్టుకున్నాడు.

బ్యాటరీ పాతబడిన ఫోన్ల వేగం తగ్గిస్తున్నామని డిసెంబరు 20న యాపిల్ ఒప్పుకుంది. 28న క్షమాపణ చెబుతూ, వారంటీ దాటిన ఫోన్లకు బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. మన దేశంలో 6,500 రూపాయల నుంచి పన్నులు కాకుండా 2,000కు తెచ్చింది. 2018 మార్చిలో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ హెల్త్ అనే పేజీ వచ్చింది. అప్పటి నుంచి ఫోన్ ఒకసారి హఠాత్తుగా ఆరిపోతేనే ఈ నియంత్రణ మొదలవుతుంది. వాడేవారు కావాలంటే దాన్ని ఆపేసుకోవచ్చు. మళ్లీ ఆరిపోతే మళ్లీ మొదలవుతుంది.

జరిమానాలు తర్వాత వచ్చాయి. 2018 అక్టోబరులో ఇటలీ యాపిల్‌కు కోటి యూరోలు, గెలాక్సీ నోట్ 4 అప్‌డేట్ విషయంలో శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు వేసింది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోలు వేసింది. అప్‌డేట్ వల్ల ఫోన్ నెమ్మదించవచ్చని ముందే చెప్పకపోవడమే ఫ్రాన్స్ పట్టుకున్న తప్పు. అమెరికాలో వినియోగదారుల కేసులో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించే రాజీ 2020లో కుదిరింది. 2024 జనవరిలో ఒక్కో ఫోన్‌కు సుమారు 92 డాలర్లు చేతికొచ్చాయి. అదే 2020లో ముప్పైకి పైగా అమెరికన్ రాష్ట్రాలతో మరో 11.3 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఈ రాజీల్లో తప్పు చేశామని మాత్రం కంపెనీ ఒప్పుకోలేదు.

మూడు వాదనలు

కొత్త ఫోన్లు అమ్ముకోవడానికే చేశారన్నది మొదటి వాదన. దీనికి బలం ఉంది. రెండు వేల రూపాయల బ్యాటరీతో తీరే ఇబ్బందిని దాచిపెడితే, జనం యాభై వేల ఫోన్ కొంటారు. జాన్ పూల్ కూడా సరిగ్గా ఈ బాధనే ఎత్తి చూపాడు: ఫోన్ ఆరిపోతే బ్యాటరీ మీద అనుమానం వస్తుంది, స్లో అయితే ఫోన్ పాతబడిందనే అనిపిస్తుంది. పైగా 2019 జనవరిలో యాపిల్ తన ఆదాయ అంచనా తగ్గించినప్పుడు, అప్పుడు సీఈఓగా ఉన్న టిమ్ కుక్ పెట్టుబడిదారులకు రాసిన లేఖలో చెప్పిన కారణాల్లో చవకగా బ్యాటరీలు మార్చుకోవడం కూడా ఒకటి. బ్యాటరీ సంగతి తెలిసిన మనిషి కొత్త ఫోన్ కొనడం వాయిదా వేశాడని కంపెనీ నోటి నుంచే వచ్చినట్టు.

రెండో వాదన ఇంజినీర్లది. అర్ధరాత్రి 108కి ఫోన్ చేస్తున్నప్పుడు ఫోన్ నెమ్మదిగా పనిచేయడం మేలా, ఆరిపోవడం మేలా? పై లెక్కలో 3.00 వోల్టులకు, 3.25కు మధ్య తేడా ఇదే. ఇంకా గట్టి సాక్ష్యం ఏమిటంటే, కొత్త బ్యాటరీ వేయగానే వేగం తిరిగి వచ్చింది. కొత్త ఫోన్ కొనిపించడమే ఉద్దేశమైతే, బ్యాటరీ పరిస్థితితో ముడిపెట్టాల్సిన అవసరం లేదు, ఫోన్ వయసు చూసి తగ్గిస్తే సరిపోయేది. ఆ సాంకేతిక నిర్ణయం నాకూ సబబుగానే అనిపిస్తుంది. దాచడం మాత్రం ఏ లెక్కతోనూ సబబు కాదు.

అంతగా వినిపించని మూడో వాదన ఒకటుంది. అది ఇంకా లోతుకు వెళుతుంది. ఏడాది, ఏడాదిన్నరకే బ్యాటరీ ప్రాసెసర్‌ను మోయలేకపోతే, మొదట్లోనే ఆ జత కుదరలేదని కదా? ఐఫోన్ 6ఎస్ బ్యాటరీ 1715 ఎంఏహెచ్. దానికి ముందు వచ్చిన ఐఫోన్ 6లో 1810. వేగంగా పనిచేసే ప్రాసెసర్‌ను ఇంకా చిన్న బ్యాటరీ మీద కూర్చోబెట్టారు. అదే ప్రాసెసర్, అదే బాధ్యత పెద్ద బ్యాటరీ మీద పడితే లాగుడు అంతగా తెలియదు. అందుకే 5000 ఎంఏహెచ్ ఉన్న ఇప్పటి ఫోన్లలో ఇలా ఆరిపోవడం తక్కువ. ఫోన్ పలచగా ఉండాలన్న మోజుకు ఎవరో ఒకరు ఖరీదు కట్టాలి. ఇక్కడ రెండో ఏట కొనుగోలుదారుడు కట్టాడు. నాకు ఈ వాదనే అన్నిటికంటే న్యాయంగా తోస్తుంది. ఎందుకంటే ఇది కుట్ర ఉందా లేదా అన్న దగ్గర ఆగిపోదు.

మరి ఆండ్రాయిడ్ ఫోన్ల సంగతి? 2017 డిసెంబరులో హెచ్‌టీసీ, మోటరోలా, శాంసంగ్, ఎల్‌జీ తాము బ్యాటరీ వయసు చూసి ఫోన్లను నెమ్మది చేయమని చెప్పాయి. అయితే క్వాల్‌కామ్ కంపెనీ ప్రాసెసర్ చిప్ ఉన్న ఫోన్లలో, బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంటే ఆ క్షణానికి ప్రాసెసర్‌ను అదుపు చేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. వయసు చూసి ముందుగానే తగ్గించడం వేరు, పడిపోతున్న క్షణంలో పట్టుకోవడం వేరు. రెండూ వోల్టేజీని కాపాడడానికే.

బ్యాటరీ తప్పు లేని నెమ్మదితనం

ఫోన్ హ్యాంగ్ అయిన ప్రతిసారీ బ్యాటరీని అనడం కూడా తప్పే. మే నెల మిట్టమధ్యాహ్నం బండి హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్‌లో మ్యాప్ నడుస్తోంది, బ్రైట్‌నెస్ ఫుల్‌గా ఉంది, పవర్‌బ్యాంక్ నుంచి చార్జింగ్ ఎక్కుతోంది. ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. నీడలో పెట్టి చల్లబడితే మామూలవుతుంది. కొత్త ఫోన్‌కైనా ఇది జరుగుతుంది.

స్టోరేజీ నిండిపోవడం ఇంకో కారణం. ఫోన్‌లోని ఫ్లాష్ మెమొరీ రాసిన చోటే మళ్లీ రాయలేదు. ముందు ఒక గడి మొత్తం చెరిపి, తర్వాత రాస్తుంది. ఖాళీ గడులు చాలినన్ని ఉంటే పని తెలియకుండా జరిగిపోతుంది. లేకపోతే ఉన్న వాటిని అటూ ఇటూ సర్ది, చోటు చేసుకుని, అప్పుడు రాయాలి. ఇరుకు గదిలో బీరువా జరపాలంటే ముందు మంచం జరపాల్సి వచ్చినట్టు. ఇక యాప్‌ల బరువు అందరికీ తెలిసిందే. ఐదేళ్ల కింద పుట్టిన ఫోన్ మీద ఈ ఏటి యాప్ నడుస్తోంది.

వీటిని విడదీసే గుర్తులు కొంతవరకు ఉన్నాయి. ఎండలోనే స్లో అయితే వేడి. నిండా చార్జింగ్ ఉన్నా, చల్లగా ఉన్నా, ఫొటో సేవ్ కావడానికే నిమిషం పడితే స్టోరేజీ. సగం దిగాకే మొరాయించి, కెమెరాకో వీడియో కాల్‌కో ఆరిపోయి, చార్జర్ పెట్టగానే అదే శాతం చూపిస్తే అంతర్నిరోధం. బ్యాటరీ హెల్త్ 84 శాతం అని కనిపిస్తే ఫోన్ 16 శాతం స్లో అయిందని కాదు. అది ట్యాంకు కొలత. పైపు సంగతి కొన్ని ఐఫోన్లలో దాని కింద వేరే వాక్యంగా ఉంటుంది.

500 సైకిళ్లు అంటే ఎన్నాళ్లు

నూరు శాతం వాడితే ఒక సైకిల్. ఇవాళ 60, రేపు 40 వాడితే రెండూ కలిపి ఒకటి. ఎన్నిసార్లు చార్జర్ పెట్టామన్నది లెక్క కాదు. ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్ల తర్వాత 80 శాతం కెపాసిటీ మిగిలేలా తయారు చేశామని యాపిల్ చెబుతుంది. ఐఫోన్ 15కు దాన్ని 1000 అని 2024లో సవరించింది. ఒప్పో తన కొన్ని ఫోన్లకు 1600 అంటుంది. కాబట్టి 500 అన్నది ప్రకృతి నియమం కాదు, తయారీని బట్టి మారేదే.

రోజుకు సగం బ్యాటరీ వాడే మనిషికి 500 సైకిళ్లు వెయ్యి రోజులు, అంటే రెండు సంవత్సరాల తొమ్మిది నెలలు. ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు రోజంతా మ్యాప్, కాల్స్‌తో రోజుకు 150 శాతం వాడితే 333 రోజులు. పదకొండు నెలలే. ఇద్దరూ ఒకే రోజు ఒకే దుకాణంలో ఒకే ఫోన్ కొన్నా సరే. ఫోన్ మీదే బతుకుతెరువు ఉన్నవాడి బ్యాటరీయే అందరికంటే ముందు పోతుంది.

వాడకం ఒక్కటే కాదు, వేడి ఇంకా పెద్ద శత్రువు. బ్యాటరీ యూనివర్సిటీ అనే విద్యా వెబ్‌సైట్‌లో ఒక పట్టిక ఉంది. బ్యాటరీని ఏడాదిపాటు ఏమీ వాడకుండా ఉంచితే ఎంత మిగులుతుందో అందులో అంచనా వేశారు. 25 డిగ్రీల దగ్గర 40 శాతం చార్జింగ్‌తో ఉంచితే 96 శాతం కెపాసిటీ మిగులుతుంది. 40 డిగ్రీల దగ్గర నిండా చార్జింగ్‌తో ఉంచితే 65 శాతమే. వాడకుండానే మూడో వంతు పోయింది. యాపిల్ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. రెంటచింతల, రామగుండం వాళ్లకు మే నెలలో నీడలో కూడా 35 దొరకదు. ఎండాకాలం పవర్‌బ్యాంక్‌కు తగిలించి నూరు శాతం దగ్గరే ఉంచిన ఫోన్‌కు వేడి, నిండుతనం రెండూ కలిసి తగులుతాయి.

నియమాలు ఎటు వెళుతున్నాయి

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే ఫోన్ల బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం కెపాసిటీ నిలబెట్టుకోవాలి. ఫోన్ పక్కన పెట్టే లేబుల్ మీద ఎన్ని సైకిళ్లు వస్తుందో రాయాలి. జర్మనీ, ఐర్లాండ్‌లలో ఉన్న మనవాళ్లు దుకాణంలో ఆ లేబుల్ చూసే ఉంటారు. మన దేశంలో రిపేరు హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. సైకిళ్ల లేబుల్ లాంటిది కొనుగోలుదారుడి కంటికి కనిపించేలా ఇంకా రావాలి.

కంపెనీల తీరులోనూ ఒక మార్పు ఉంది. గూగుల్ పిక్సెల్ 9ఏలో 200 సైకిళ్ల నుంచి 1000 వరకు బ్యాటరీ గరిష్ఠ వోల్టేజీని మెట్లు మెట్లుగా తగ్గించే ఏర్పాటు పెట్టింది. దాన్ని ఆపేసే వీలు లేదు. పిక్సెల్ 6ఏకు 2025 జులైలో, వేడెక్కే ప్రమాదం ఉందని, 400 సైకిళ్లు దాటిన కొన్ని ఫోన్ల బ్యాటరీ కెపాసిటీని, చార్జింగ్ వేగాన్ని తగ్గించే అప్‌డేట్ తప్పనిసరిగా పంపింది. 2017తో పోలిస్తే తేడా ఏమిటంటే, ఈసారి చెప్పి చేశారు, 6ఏ వాళ్లకు ఉచితంగా బ్యాటరీ మార్పిడి లాంటి ప్రత్యామ్నాయాలు ఇచ్చారు. కానీ నూరు రూపాయలకు కొన్న వస్తువు 80 రూపాయల వస్తువుగా మారుతున్నప్పుడు, చెప్పడం ఒక్కటే చాలుతుందా అన్న ప్రశ్న అలాగే ఉంది. భద్రత కోసమైతే తప్పదనే వాళ్లున్నారు, ఆ నిర్ణయం యజమాని చేతిలో ఉండాలనే వాళ్లున్నారు.

బావ ఫోన్ సంగతి

లంబసింగి నుంచి వచ్చాక మొదట వెళ్లిన దుకాణంలో "బోర్డు వీక్ అయింది సార్, దీని మీద ఖర్చు పెట్టడం దండగ, ఎక్స్‌ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్నారు. రెండో చోట రిపేరు చేసే అబ్బాయి ఫోన్‌ను చేతిలోకి తీసుకుని, వెనక మూత అంచున బొటనవేలు పెట్టి ఒకసారి నొక్కాడు. "కొంచెం మెత్తగా ఉందన్నా, బ్యాటరీ ఉబ్బడం మొదలైంది" అన్నాడు. వేడి ప్యాడ్ మీద పది నిమిషాలు పెట్టి, పలుచని ప్లాస్టిక్ కార్డుతో మూత లేపాడు. బ్యాటరీ చదునుగా లేదు, మధ్యలో దిండులా లేచి ఉంది. జిగురు పట్టీలు మెల్లగా లాగి దాన్ని బయటికి తీసి, మెటల్ డబ్బాలో వేశాడు. మొత్తం ముప్పావు గంట.

తర్వాతి వారం అంతా బావ గమనించాడు. 40 శాతంలో కెమెరా తెరిచినా, 15 శాతంలో వీడియో కాల్ మాట్లాడినా ఫోన్ ఆరిపోలేదు. కానీ వాట్సాప్ తెరిస్తే ఇంకా ఆగి ఆగి వస్తోంది, ఫొటో తీస్తే గుండ్రం తిరుగుతూనే ఉంది. స్టోరేజీ చూస్తే 128 జీబీలో 2 జీబీ మిగిలి ఉంది. 41 జీబీ వాట్సాప్‌దే, అందులో ఎక్కువ భాగం గుడ్‌మార్నింగ్ వీడియోలు, మూడు పెళ్లిళ్ల ఆల్బమ్‌లు. పెళ్లి ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి మిగతావి తీసేశాక, వాట్సాప్ వేలు పెట్టగానే తెరుచుకుంది.

రెండు జబ్బులు, రెండు మందులు. ఆ రెండింటినీ కలిపి మొదటి దుకాణం పెట్టిన పేరు "బోర్డు వీక్". బావ పెట్టిన పేరు "అప్‌డేట్". ఆ అప్‌డేట్ వచ్చింది అక్టోబరులో. బ్యాటరీకి మూడేళ్లు నిండింది, స్టోరేజీ నిండింది కూడా ఆ రోజుల్లోనే.